ముందు గుల్ల, తర్వాతే పేరు

చిరంజీవికి,

శిలాజ నత్తల మీద నీ పేపర్ డ్రాఫ్ట్ చదివాను. ప్లేట్లు, అంటే ఫొటోల పేజీలు, కంప్యూటర్లో పెద్దవి చేసుకుని ఒక్కొక్కటే చూశాను. దుద్దుకూరు సున్నపురాయిలో దొరికిన టరిటెల్లాలు, ఆ పొడవాటి సముద్రపు నత్తగుల్లలు, చేతికొస్తే ఎవరికైనా సంబరంగానే ఉంటుంది. గోదావరి జిల్లాల వాళ్ళకు అది కంకర క్వారీల చోటు. భూవిజ్ఞానం చదివినవాళ్ళకు మాత్రం డైనోసార్లు అంతరించిన కాలాన్ని, అంటే దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ నాటి సంగతిని, దక్కను లావాతో కలిపి చూడగలిగే అరుదైన చోటు. కింద సముద్రపు పొర, దాని మీద పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిన లావా, మధ్యలో మళ్ళీ నత్తల పొర, పైన ఇంకో లావా. అలాంటి చోట పని మొదలుపెట్టావు, అదృష్టవంతురాలివి.

ఇక నచ్చని సంగతి. మొదటి పేరాలోనే "ఇది కొత్త జాతి" అని రాసేశావు. గుల్ల ఎలా ఉందో చెప్పడానికి మూడో పేజీ దాకా పట్టింది. ఈ వరస తిరగెయ్యి. చదివేవాడికి నువ్వు చూసింది ముందు అందాలి, నువ్వు అనుకున్నది ఆ తర్వాత. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే, రేపు ఎవరైనా నీ అభిప్రాయం తప్పని తేల్చినప్పుడు నువ్వు చూసింది కూడా దాంతోపాటే పోతుంది. విడిగా ఉంటే పేరు పోయినా వర్ణన నిలుస్తుంది.

భూవిజ్ఞాని స్టోలిచ్కానే తీసుకో. ఇప్పటి చెక్ దేశంలోని మొరావియాలో పుట్టాడు, 1862లో కలకత్తా వచ్చి జియలాజికల్ సర్వేలో చేరాడు. 1867–68లో దక్షిణ భారతంలోని క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) నత్తల మీద ఆయన సంపుటం వచ్చింది. 1874లో యార్కండ్ నుంచి తిరిగి వస్తూ లదాఖ్‌లో చనిపోయాడు, సమాధి లేహ్‌లో ఉంది. ఆయన వాడిన పేర్లలో చాలావాటికి ఇప్పుడు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) మారిపోయింది. అప్పటి వర్గీకరణ చట్రం ఇప్పుడు అసలే లేదు. అయినా తమిళనాడులోని అరియలూరు శిలాజ నత్తల మీద పనిచేసేవాళ్ళు ఆ సంపుటం తెరవకుండా ముందుకు పోలేరు. చుట్టు మీద గీతలెన్ని, ఏది లావు, ఏది సన్నం అన్నది చూసినట్టు చూసినట్టే రాసిపెట్టాడు గనక.

నీ వర్ణనలో "అందమైన, సన్నని, పొడవాటి గుల్ల, చక్కని గీతలతో ఉంది" అని ఉంది. అందం, చక్కదనం కొట్టెయ్. సన్నం అంటే ఎంత సన్నం? పొడవెంత, అడుగు చుట్టు వెడల్పెంత, కొన దగ్గర కోణమెంత? వెర్నియర్‌తో కొలిచి అంకెలు వెయ్యి. కొన విరిగిపోయిన గుల్లకు మిగిలిన ముక్క పొడవునే మొత్తం పొడవుగా చూపించకు, "విరిగినది" అని పక్కన రాయి. నీ రెండో ప్లేటులో నాలుగో బొమ్మను నేనైతే ఇలా మొదలుపెడతాను: "గుల్ల పొడవాటి శంకువు, చుట్లు దాదాపు చదును, కింది భాగంలో కొద్దిగా ఉబ్బు, చుట్ల మధ్య సందు లోతు తక్కువ, ప్రతి చుట్టు మీద అడ్డంగా తిరిగే కట్టలు మూడు, అడుగున ఉన్నది అన్నిటికన్నా లావు, వాటి మధ్య వెంట్రుకంత సన్నని గీతలు." క్రియాపదాలు లేకపోయినా ఫరవాలేదు. చదివేవాడు తన గుల్ల పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటే టిక్కు పెట్టుకోగలగాలి. కొన నుంచి మొదలుపెట్టి నోటి దాకా రా. ప్రతి జాతికీ ఇదే వరస పాటించు, లేకపోతే ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చడం ఎవరి వల్లా కాదు.

టరిటెల్లాలో అసలు చూడాల్సింది నువ్వు ఒక్క ముక్కతో దాటేశావు. పెరుగుదల గీతలు. నోటి బయటి అంచు కాగితంలా పలచగా ఉంటుంది, శిలాజాల్లో అది మిగలడమే అరుదు. అంచు విరిగిందని "నోరు తెలియదు" అని రాశావు. కానీ నత్త పెరిగినన్నాళ్ళూ ఆ అంచు ఎలా ఉందో గుల్ల మీద గీతలుగా ముద్రపడే ఉంటుంది. లైటును బాగా పక్కకి, గుల్లకు దాదాపు సమాంతరంగా పెట్టి లెన్సులో చూడు. సందు దగ్గర మొదలైన సన్నని గీత వెనక్కి వంగి, చుట్టు మధ్యలో గుంట తీసి, మళ్ళీ ముందుకొస్తుంది. ఆ గుంట ఎంత లోతు, చుట్టులో ఎక్కడ పడింది, గీత మొత్తం ఎంత ఏటవాలుగా ఉంది అన్నవాటి మీదే ఈ కుటుంబంలో ప్రజాతులు సగం తేలతాయి. ఆ గీతను విడిగా రేఖాచిత్రంగా గీసి పెట్టు. ఒక్క గీత బొమ్మ రెండు పేరాల మాటలకన్నా మేలు.

అడ్డ కట్టలు కూడా అంతే, పెద్ద చుట్టు మీద లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు. చిన్న చుట్ల మీద ఏ కట్ట ముందు పుట్టింది, ఏది తర్వాత దాని పక్కన చేరింది అన్నది చూడాలి. మార్విక్ అనే పరిశోధకుడు 1957లో ఈ కుటుంబపు వర్గీకరణను సరిదిద్దినప్పుడు మొదటి కట్టలకు అక్షరాలు ఇచ్చి ఆ వరసను చూపించాడు. ఆ పద్ధతే పట్టుకో. నీ దగ్గర చిన్న గుల్లలూ పెద్ద గుల్లలూ ఉన్నాయి. చిన్నవాటిని ఒక జాతిగా, పెద్దవాటిని ఇంకో జాతిగా పెట్టావు. పెద్దవాటి కొన దగ్గరి చుట్లు తీసి చిన్నవాటి పక్కన పెట్టి చూశావా? నా అనుమానం, అవి ఒకే జాతి పిల్లలూ పెద్దలూ. కచ్చితంగా చెప్పను, స్పెసిమెన్లు నీ చేతిలో ఉన్నాయి, నా చేతిలో కాదు.

ఇంకోటి, నీ మూడో ప్లేటులో ఒక గుల్ల తలకిందులుగా పడింది. కొన పైకి, నోరు మనవైపు ఉండాలి. అలా పట్టుకున్నప్పుడు నోరు కుడివైపు ఉంటే కుడి చుట్టు, ఎడమవైపు ఉంటే ఎడమ చుట్టు. పాత ఫ్రెంచి పుస్తకాల్లో కొన కిందికి పెట్టి బొమ్మలు వేసేవాళ్ళు, అవి చూసేటప్పుడు జాగ్రత్త. మన పూజగదుల్లో దక్షిణావర్త శంఖం సంగతీ ఇదే. మనవాళ్ళు నోటి కాలువ ఉన్న మొన పైకి, చుట్ల కొన కిందికి పట్టుకుని చూస్తారు. శాస్త్రం పట్టే తీరులో అది ఎడమ చుట్టు గుల్ల, మామూలు శంఖమే కుడి చుట్టు. పట్టుకునే తీరు తేడా, అంతే. ఇది చాదస్తం అనుకోకు. తెలంగాణ నుంచి నాగపూర్ దాకా లావా పొరల మధ్య మట్టిలో దొరికే ఫైసా, అదే 1840లో సోవర్బీ ప్రిన్సెపీ అని పేరు పెట్టిన నత్త, ఎడమ చుట్టుది, మంచినీటిది. ఫొటో తిరగబడి అచ్చయితే చెరువు నత్తా సముద్రపు నత్తా తారుమారయ్యే ప్రమాదం ఉంది.

అలా తారుమారైనవి ఉన్నాయి కూడా. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో గోధుమరంగు రాయి ఒకటి తీస్తారు. నిండా పొడవాటి నత్తలే. సానబెట్టి లాకెట్లు చేసి "టరిటెల్లా అగేట్" అని అమ్ముతారు. అందులో టరిటెల్లా ఒక్కటీ లేదు. అవి ఎలిమియా టెనెరా అనే మంచినీటి నత్తలు, డైనోసార్లు పోయిన తర్వాత వచ్చిన ఈయోసీన్ కాలంలో అక్కడున్న పెద్ద సరస్సులో బతికినవి. నగల దుకాణంలో పేరు తప్పితే నష్టం లేదు. అదే పేరు పేపర్లో పడితే సరస్సు ఉన్న చోట చదివేవాడు సముద్రాన్ని ఊహించుకుంటాడు. నువ్వు పేరు పెట్టేది ఒక్క నత్తకే అయినా, దాని వెనక ఉప్పునీరు, లోతు, తీరం అన్నీ వస్తాయి.

పొడవాటి ఆకారం చూసి మోసపోవడం చాలా తేలిక. నత్తల్లో ఆ ఆకారం ఎన్నో కుటుంబాల్లో విడివిడిగా వచ్చింది. టరిటెల్లాలాగే పొడవుగా ఉండే సెరిథియం నత్తకు నోటి కింద చిన్న కాలువ ఉంటుంది, టరిటెల్లాకు ఉండదు. నెరినియా బయటికి మామూలుగానే కనిపిస్తుంది, నిలువుగా కోస్తే లోపల మడతలు బయటపడతాయి. మాథిల్డాలో పిల్ల గుల్ల, అంటే కొన మీద మిగిలే తొలి గుల్ల, వ్యతిరేక దిక్కున తిరిగి ఉంటుంది, కొన మిగలకపోతే దాన్ని పట్టుకోలేం. అందుకే కొన దొరికిన ఒక్క చిన్న గుల్ల, కొనలేని పదింటికన్నా విలువైనది. కొన దొరకలేదా, "పిల్ల గుల్ల దొరకలేదు" అని రాయి. అది రాయకపోతే నువ్వు చూడలేదో, అక్కడ లేదో తెలియదు.

లోపలి అచ్చుల గురించి మాత్రం గట్టిగానే చెప్తాను. నత్తగుల్ల ఎక్కువగా ఆరగొనైట్ అనే సున్నపు ఖనిజం, కాలక్రమంలో కరిగిపోతుంది. లోపల నిండిన మట్టి గట్టిపడి అచ్చుగా మిగులుతుంది. దాని మీద గీతలుండవు, కట్టలుండవు, గుల్ల మందమూ తెలియదు. పాత పుస్తకాల్లో ఇలాంటి అచ్చులకు పెట్టిన పేర్లు ఇప్పటికీ అందరికీ తలనొప్పి. నీ ఐదో జాతి మొత్తం లోపలి అచ్చుల మీదే నిలబడి ఉంది. తీసెయ్. దాన్ని "టరిటెల్లా, జాతి తెలియదు" అని ఒక పేరాలో పెట్టు. లేదంటే రాతిలో బయటి ముద్ర మిగిలిందేమో వెతుకు. దొరికితే సిలికాన్ రబ్బరు పోసి తీస్తే పోయిన గుల్ల పైభాగం మొత్తం వచ్చేస్తుంది.

గుల్ల మీద నువ్వు "అలంకరణ గుంటలు" అన్నవి అలంకరణ కాదమ్మా. అంచు లోపలికి వాలుగా దిగిన గుండ్రని బెజ్జాలు నాటికా కుటుంబపు నత్తలు వేటాడినప్పుడు తొలిచేవి. తీసెయ్యకు, విడిగా రాయి. ఎవరు ఎవర్ని తిన్నారన్నది కూడా ఆ పొర కథలో భాగమే.

పోలిక భాగం నీ డ్రాఫ్ట్‌లో బలహీనంగా ఉంది. పుస్తకంలో బొమ్మ చూసి "దగ్గరగా ఉంది, కానీ వేరు" అంటే చాలదు. రాజమండ్రి గుల్లల్లో కొన్నింటిని హిస్లాప్ 1860లోనే వర్ణించాడు. నాగపూర్లో మిషనరీ ఆయన. అంతకుముందు 1846లో ఫోర్బ్స్ దక్షిణాది గుల్లల మీద రాశాడు. ఆ పాత పేర్లన్నీ దాటుకుని వస్తేనే నీ కొత్త పేరుకు చోటు. అప్పటి లితోగ్రాఫు బొమ్మల్లో విరిగిన చోట్లు చిత్రకారుడు పూర్తి చేసి ఉండవచ్చు, అందుకని అసలు గుల్లలే చూడాలి. స్టోలిచ్కా స్పెసిమెన్లు కోల్‌కతాలో జియలాజికల్ సర్వే దగ్గర ఉన్నాయి. ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని వెళ్ళు. టెన్షన్ పడకు, పద్ధతిగా అడిగితే చూపిస్తారు.

ఇంత చేశాక కూడా అనుమానం మిగిలితే దాన్ని దాచకు. "కన్ఫర్" అని పెడితే దీనితో పోల్చి చూడమని, "అఫినిస్" అని పెడితే దగ్గరిదే గానీ అదే కాదని అర్థం. వీటిని చూసి పిరికితనం అనుకునేవాళ్ళున్నారు, పట్టించుకోకు. కొత్త పేరే పెట్టాల్సి వస్తే జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. 2000 నుంచి ఆ పేరుకు ఆధారమైన నమూనాను, అంటే ఒక హోలోటైప్‌నో కొన్ని సింటైప్‌లనో, స్పష్టంగా చూపించి తీరాలి. అది ఎక్కడ భద్రపరిచావో చెప్పాలి, ఆ చోటు నీ ఇంటి బీరువా కాకూడదు. పేపర్ ఆన్‌లైన్లోనే వస్తే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరు జూబ్యాంక్‌లో నమోదు 2012 నుంచి తప్పనిసరి. జాతి పేరు ప్రజాతి లింగాన్ని బట్టి మారుతుంది, అదీ చూసుకో. లమార్క్ 1804లో సెరిథియం అన్న పెద్ద గుల్ల ఇప్పుడు కాంపనైల్ ప్రజాతిలో ఉంది. అందుకే ఆయన పేరు బ్రాకెట్లో రాస్తారు. నీ పట్టికలో చాలా చోట్ల బ్రాకెట్లు పడలేదు.

కుటుంబం పైనున్న వర్గాల గురించి నాలుగు పేజీలు రాశావు. ఒక్క పేరాకి కుదించు. బూషే, రాక్రువాల 2005 వర్గీకరణ, దాని 2017 సవరణ చెప్పి ముందుకు పో. అక్కడ నీ దగ్గర కొత్తగా చెప్పేదేమీ లేదు, నీ కొత్తదనమంతా పెరుగుదల గీతల్లో ఉంది.

ఫొటోలు మళ్ళీ తియ్యి. రంగు మరకలు కట్టల్లా కనిపిస్తున్నాయి. కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారం వేడిచేసి ఆ పొగ పట్టిస్తే గుల్ల తెల్లబడి ఉబ్బులూ గుంటలే కనబడతాయి. ల్యాబులో పొగ లాగే ఫ్యాను కింద చెయ్యి. పని అయ్యాక వెంటనే కడిగెయ్యి, ఉంచేస్తే తేమ పట్టి గుల్లను తింటుంది. లైటు పైన ఎడమవైపు నుంచి రావాలి, పక్కన స్కేలు ఉండాలి.

చివరగా, దొరికిన చోటు. "దుద్దుకూరు దగ్గర" అని రాశావు. క్వారీలు రోజూ తవ్వుకుపోతుంటాయి, నువ్వు నిలబడిన గోడ వచ్చే ఏడాదికి ఉండకపోవచ్చు. జీపీఎస్ అంకెలు, ఏ పొర, లావా అడుగు నుంచి ఎన్ని మీటర్ల కింద, రాయి రకం, ఎవరు ఎప్పుడు తీశారు, అన్నీ రాయి. ఒక్కో గుల్లకు విడిగా చీటీ పెట్టు. పార్సిల్ చేసేటప్పుడు దూదిలో చుట్టకు, పోగులు గీతల్లో ఇరుక్కుంటాయి. మెత్తని టిష్యూ కాగితం వాడు.

ఆ రెండు సైజుల గుల్లల కొనలు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో ముందు పంపు. డ్రాఫ్ట్ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు