అమ్మమ్మ గురించి రాస్తున్న అమ్మాయికి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. సాలూరులోని కుష్ఠు ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగజీవితమంతా గడిపి, పోయిన ఏడాది కన్నుమూసిన మీ అమ్మమ్మగారి గురించి పద్నాలుగు పేజీలు రాసి, ఇది అచ్చుకు పనికొస్తుందా అని అడిగావు. ఇప్పుడున్న రూపంలో పనికిరాదు. అయితే ఇందులోంచే మంచి వ్యాసం వస్తుందని నాకు గట్టిగా అనిపించింది కాబట్టే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నీ పేజీల నిండా ఆవిడ త్యాగమూర్తి, కరుణామయి, సేవకు ప్రతిరూపం. అవన్నీ నిజమే అయివుండవచ్చు. కానీ పద్నాలుగు పేజీలూ చదివాక కూడా, పొద్దున్న వార్డులో అడుగుపెట్టగానే ఆవిడ మొట్టమొదట ఏ పని చేసేవారో నాకు తెలియలేదు. సంస్మరణ సంచికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. పేరు మారిస్తే ఏ ఊరి పెద్దమనిషికైనా సరిపోతాయి. అవి చదివి చదివి నాకు విసుగు పుట్టిందన్న సంగతి నీ దగ్గర దాచడమెందుకు? ఆవిడను మెచ్చుకోవాలన్న తొందరలో ఆవిడ చేసిన పనిని నువ్వు దాటేశావు.

ఆ తొందరలో కూడా తొమ్మిదో పేజీలో ఒక గొప్ప వాక్యం నీ చేతినుంచి జారిపడింది. సెలవులకు మీరంతా సాలూరు వెళ్ళినప్పుడు, రాత్రి అన్నాలయ్యాక పిల్లలను వరసగా కూర్చోబెట్టి, కాళ్ళు చాపమని, ఒక్కొక్కరి అరికాలినీ బొటనవేలితో నొక్కి చూసిగాని ఆవిడ పడుకోనిచ్చేవారు కాదని రాశావు. దాన్ని అమ్మమ్మ ముద్దు కింద జమకట్టి నువ్వు ముందుకు వెళ్ళిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. కుష్ఠు క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. తెలియదు కనుక మనిషి ఆ కాలి మీదే నడుస్తాడు, నడిచిన కొద్దీ పుండు ఎముకదాకా దిగుతుంది. చాలామంది అనుకున్నట్టు ఆ రోగం వేళ్ళను కొరికి తినెయ్యదు. నొప్పి తెలియక వదిలేసిన ఇలాంటి గాయాలే వేళ్ళను పోగొడతాయి. అందుచేత అక్కడి నర్సుకు పాదాలు చూడడమే నిత్యం ఉండే పెద్ద పని. రోగుల చేత కాళ్ళను నీళ్ళలో నానబెట్టించాలి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాతితో గీకించాలి, తడి ఆరకముందే నూనె రాయించాలి, మెత్తటి రబ్బరుతో కుట్టించిన చెప్పులు ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయేమో చూడాలి. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ పాదాలు తడిమిన చెయ్యి మనవల పాదాలు ఎదురైతే ఊరుకోగలదా? నీ వ్యాసంలో మొదటి సగం నర్సుకూ రెండో సగం అమ్మమ్మకూ పంచి ఇచ్చావు. ఆ పంపకం రద్దు చేసి, ఈ వాక్యం దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టు.

అలాగే, "కొత్త మందులు వచ్చాక రోగులు త్వరగా కోలుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట ఒక పెద్ద కథ ఉంది. అంతకుముందు డాప్సోన్ ఒక్కటే మందు. ఏళ్ళకేళ్ళు, కొందరైతే బతికినన్నాళ్ళూ వేసుకోవలసి వచ్చేది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. రిఫాంపిసిన్ నెలకొకసారి ఆరోగ్య సిబ్బంది కళ్ళెదుటే మింగాలి. మింగిన తరువాత మూత్రం ఎర్రగా వస్తుంది. క్లోఫాజిమిన్ వాడినవాళ్ళ ఒళ్ళు నల్లబడి, మందు ఆపిన చాలా నెలలకు గాని మామూలు రంగుకు రాదు. ఈ సంగతులు ముందే చెప్పకపోతే, పాచిపెంట వైపు కొండల్లోంచి దిగివచ్చిన మనిషి ఆ రాత్రే హడలిపోయి, మరుసటి నెల ఆసుపత్రి ముఖం చూడడు. అతన్ని కూర్చోబెట్టి, ఎరుపు చూసి భయపడవద్దని, నలుపు పోతుందని అతనికి నమ్మకం కలిగేలా ఎవరో ఒకరు చెప్పివుండాలి కదా. మీ అమ్మమ్మగారు ఆ మాట ఎలా చెప్పేవారు? ఏ మాటలు వాడేవారు? ఆవిడతో కలిసి పనిచేసినవాళ్ళలో ఇంకా ఉన్నవారిని వెతికి పట్టుకుని ఇదే అడుగు. ఆవిడ ఎంత మంచివారని మాత్రం అడగకు. అందరూ చాలా మంచివారనే చెబుతారు, నీ చేతికి ఏమీ మిగలదు.

ఆవిడ చేత పుస్తకభాష మాట్లాడించావు. "పాదములు చూపించు తల్లీ" అని మన వేపు ఏ అమ్మమ్మా అనదు. "కాళ్ళిలాగ పెట్టవే గుంటా, ఏటైనా గుచ్చుకుందేటి" అని అనివుంటారు. నీ వాక్యాలు నీకు అలవాటైన నడకలోనే ఉండనీ, ఆవిడ నోటి మాటను మాత్రం దిద్దకు.

ఒక తేదీ సవరించుకో. 1974లో ఆవిడ విజయనగరం జిల్లాలో ఉద్యోగంలో చేరారని రాశావు. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అప్పటిదాకా సాలూరు శ్రీకాకుళం జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. అంటే ఇల్లు కదలకుండానే ఆవిడ మూడు జిల్లాల్లో కాపురమున్నారు. ఇది నవ్వుకోవడానికి బాగుంటుంది, వ్యాసంలో వాడుకో.

ఇద్దరు రోగుల పేర్లు ఊళ్ళతో సహా రాశావు. అవి తీసెయ్యి, ఈ విషయంలో నాతో వాదించకు. కుష్ఠును విడాకులకు ఒక కారణంగా మన వివాహ చట్టాల్లో చాలాకాలం ఉంచారు, 2019లో గాని పార్లమెంటు దాన్ని తొలగించలేదు. చట్టంలోంచి పోయినంత తేలికగా అది పెళ్ళి చూపుల్లోంచి పోదు. ఎప్పుడో నయమైపోయిన మనిషి మనవరాలికి నీ వ్యాసం వల్ల సంబంధం తప్పిపోతే, ఆ మనిషి గుట్టును అన్నేళ్ళు కాపాడిన మీ అమ్మమ్మగారికే నువ్వు ఎదురు పని చేసినట్టవుతుంది.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించింది మీ అమ్మగారి గురించి. "అమ్మ ఎందుకో అమ్మమ్మ గురించి పెద్దగా మాట్లాడదు" అని రాసి, వెంటనే అమ్మమ్మగారి అంత్యక్రియలకు వచ్చిన జనం గురించి ఎత్తుకున్నావు. వ్యాసమంతటిలోనూ నువ్వు జంకినది ఇక్కడే. తల్లి రాత్రి డ్యూటీకి వెళితే ఆ ఇంట్లో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అన్నం వండి పెట్టినది ఎవరు? కుష్ఠు ఆసుపత్రి నర్సమ్మ పిల్లలని బడిలో పక్కన కూర్చోవడానికి ఎవరైనా వెనకాడారా? మీ అమ్మగారి పెళ్ళి మాటల్లో ఆ ఉద్యోగం ప్రస్తావన వచ్చిందా? ఆవిడకు కోపం ఉంటే ఉండవచ్చు, దానికి కారణమూ ఉండవచ్చు. అంతటి సేవకు ఇంట్లో మూల్యం చెల్లించినవాళ్ళు ఉంటారు, వాళ్ళ ఊసు లేకుండా రాసిన నివాళి నాకు ఎప్పుడూ సగమే అనిపిస్తుంది. అయితే బలవంతపెట్టకు. వంటింట్లో పక్కన కూర్చుని ఏదో ఒక పని అందుకుంటూ అడుగు, నోటుపుస్తకం బయటకు తియ్యకు. చెప్పినదాంట్లో ఫలానాది రాయవద్దని ఆవిడ అంటే రాయకు. అది తెలిసి రాసినా చాలు, మిగతా వాక్యాల తీరు మారుతుంది.

వంశవృక్షంతో నింపిన మొదటి రెండు పేజీలూ, సన్మానపత్రాల జాబితా తీసెయ్యి. ఎనిమిది పేజీలకు మించనివ్వకు. సిరిమానోత్సవానికి ఎలాగూ విజయనగరం వస్తావు కదా, తిరగరాసిన ప్రతి అప్పటికి పట్టుకురా. వీలైతే మీ అమ్మగారిని కూడా మా ఇంటికి తీసుకురా. భోజనం ఇక్కడే చేద్దురుగాని.

శుభాకాంక్షలతో,
నీ మేలుకోరే మాష్టారు