యోగా క్లాసులు తర్వాత, ముందు పని సంగతి చూడు

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. టీమ్‌లో ఎవరికీ పని మీద మనసు లేదు, సర్వేలో స్కోర్ పడిపోయింది, యోగా సెషన్లు పెట్టమంటావా మెడిటేషన్ యాప్ కొనమంటావా పెదనాన్నా అని అడిగావు. అవి చెడ్డవని కాదు గానీ వాటితో మొదలుపెట్టొద్దు. విలియం ఫ్లెమింగ్ అని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు బ్రిటన్‌లో 46,336 మంది ఉద్యోగుల డేటా చూసి 2024లో రాశాడు, ఇలాంటి ప్రోగ్రామ్‌లలో చేరినవాళ్లు చేరనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరంట, వాలంటీరింగ్ ఒక్కటే కాస్త తేడా చూపించింది. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. అరగంట కళ్లు మూసుకుని కూర్చుని లేచాక అదే పని, అవే డెడ్‌లైన్లు ఎదురుగా ఉంటే ఏం మారుతుంది చెప్పు.

పని ఎక్కువైతేనే మనిషి నలిగిపోతాడని అనుకుంటాం, అది సగమే నిజం. పని ఎక్కువ ఉండి, దాన్ని ఎలా చెయ్యాలో ఎప్పుడు చెయ్యాలో తన చేతిలో లేనప్పుడు ఎక్కువ నలుగుతాడు, ఉద్యోగ ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కారాసెక్ 1979లోనే ఈ మాట చెప్పాడు. అందుకని ముందు ఒక్కొక్కరితో విడిగా కూర్చో. ఎలా ఉన్నావ్ అని అడిగితే బాగున్నా అంటారు, అక్కడితో అయిపోతుంది. ఈ వారం నిన్ను బాగా విసిగించిన పని ఏది, ఏ పని ఆపేసినా ఎవరికీ నష్టం లేదు, ఏ విషయంలో నన్ను అడక్కుండా నువ్వే డిసైడ్ చేసుకోవాలనుంది, ఇలా అడుగు. అడిగాక నువ్వు మాట్లాడకు, విను. ఎవరూ చదవని రిపోర్టులు, ఊరికే పెట్టే మీటింగులు బోలెడు బయటపడతాయి. వాటిలో నీ చేతిలో ఉన్నది ఒక్కటైనా ఆ వారంలోనే తీసెయ్. తీయలేనిదైతే ఎందుకు కుదరదో వాళ్లకి నేరుగా చెప్పు, దాచొద్దు. అడిగి ఏమీ చెయ్యకపోవడం కంటే అసలు అడక్కపోవడమే నయం, రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

రాత్రిపూట మెసేజ్‌లు పెట్టకు తల్లీ. రేపు చూడు అని రాసినా వాళ్లు అప్పుడే చూస్తారు, నువ్వు మేనేజర్‌వి కదా. గుర్తొస్తే రాసుకుని పొద్దున వెళ్లేలా షెడ్యూల్ చెయ్. వారానికి 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేసేవాళ్లకి, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే స్ట్రోక్ ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) కలిసి 2021లో చెప్పాయి, కాబట్టి ఓవర్‌టైమ్ చేసినవాణ్ణి అందరి ముందూ హీరోని చెయ్యొద్దు. నువ్వూ సెలవు తీసుకో, తీసుకున్నప్పుడు నిజంగా ఫోన్ పక్కన పెట్టు, నువ్వు తీసుకోకపోతే వాళ్లు తీసుకోరు.

ఇంకొకటి, బాగా చేసేవాళ్ల మీద కన్నెయ్యి. అడిగినదానికల్లా సరే అంటారని అన్నీ వాళ్లకే వెళ్తుంటాయి, ముందు కుప్పకూలేది కూడా వాళ్లే. ఎంత పడుకున్నా తీరని అలసట, ఇష్టపడి చేసిన పని మీదే విరక్తి, నేనేం చేసినా ప్రయోజనం లేదన్న భావన, బర్నౌట్ అంటే డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది ఈ మూడే. అది కనిపిస్తే ధైర్యం చెప్పి ఊరుకోకు, పని తగ్గించు. నిద్ర, తిండి కూడా పోయాయంటే డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవమని మెల్లిగా చెప్పు, ఆ మాట నీ నోట్లోంచి ఇంకొకరి దగ్గరకి పోకూడదు.

ఎవరైనా తప్పు జరిగిందని వచ్చి చెప్తే నీ ముఖం ఎలా పెడతావో అందరూ చూస్తుంటారు. ముందు చెప్పినందుకు థాంక్స్ అను, తర్వాతే ఎలా సరిచేద్దామో మాట్లాడు.

ఇవన్నీ నీ ఒక్కదాని వల్ల అయ్యేవి కావు, మనుషులు సరిపోకపోతే నువ్వెంత మంచిగా ఉన్నా పని తగ్గదు. అందుకే టీమ్‌తో మాట్లాడాక ఏ పనులు ఆపాలి, ఎక్కడ మనిషి కావాలి అని ఒక లిస్ట్ రాసి నాకు పంపు, మీ బాస్ దగ్గర ఎలా పెట్టాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

పెదనాన్న