నోటీసులో ‘సభ్యుడు/సభ్యురాలు’ గోల తీరాలంటే

అమలాపురం దగ్గర మీ కొబ్బరి రైతుల సంఘం నోటీసులో ‘రైతు సోదరులారా’ అంటే ఆడవాళ్లు ఊరుకోలేదనీ, పోనీ అని ప్రతిచోటా ‘సభ్యుడు/సభ్యురాలు’ అని రాస్తే చదవడానికి రావట్లేదనీ అడిగారు కదండీ.

ఆ అడ్డగీతలన్నీ తీసేయండి. తెలుగులో చిక్కంతా ఏకవచనంలోనే. ‘వచ్చాడు’ మగవాడికి. ‘వచ్చింది’ ఆమెకీ, దూడకీ కూడా! బహువచనంలో ‘వచ్చారు’ అంటే ఎవరైనా కావచ్చు. అందుకని ‘సభ్యుడు తన పాసుపుస్తకం తేవాలి’ అన్నచోట ‘సభ్యులు తమ పాసుపుస్తకాలు తేవాలి’ అనండి. ‘సోదరులు’ కొట్టేస్తే ‘రైతులారా’ మిగులుతుంది, చాలు. రైతు, కూలీ, సర్పంచ్ ఎలాగూ అందరికీ సరిపోతాయి. ‘ఛైర్మన్’ బదులు ‘అధ్యక్షులు’.

ఫారం కూడా ఒకసారి చూడండి. మా లంకలో తోట తన పేరునే ఉన్న ఒకావిడ ‘తండ్రి/భర్త పేరు’ గడి దగ్గర పెన్ను ఆపి, “తోట నాదేగా, ఆయన పేరెందుకండీ?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ‘కుటుంబంలో ఒకరి పేరు’ అని మార్చేశాం.

మైకులో అయితే ‘అందరికీ నమస్కారమండీ’ అంటే సరి. మన గోదారోళ్ల ‘అండీ’కి ఆడా మగా తేడా ఎప్పుడూ లేదు, ఆయ్!