తీర్పు వచ్చినా దక్షిణ చైనా సముద్రంలో చైనా ఎందుకు కదలలేదు?

దక్షిణ చైనా సముద్ర హక్కులపై ఫిలిప్పీన్స్ వేసిన కేసులో, హేగ్‌లోని అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2016 తీర్పు ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా వచ్చినా చైనా ఎందుకు వెనక్కి తగ్గలేదని, ఈ గొడవలో సరకు ఓడల దారి మూసుకుపోతుందా అని మీరు అడిగారు. సరకు ఓడలో సెకండ్ ఆఫీసరుగా ఆ సముద్రంలో చాలాసార్లు మార్గం గీసినవాడిని కనుక రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: మమ్మల్ని ఏనాడూ ఎవరూ ఆపలేదు. సింగపూర్ నుంచి హాంకాంగ్ వెళ్ళే ఓడ, తగాదాలో ఉన్న స్ప్రాట్లీ దీవుల జోలికే పోదు. చార్టులో అక్కడ 'డేంజరస్ గ్రౌండ్' అని అచ్చువేసి ఉంటుంది (రాజకీయాల వల్ల కాదు, నీటి అడుగున ఉన్న దిబ్బల వల్ల), మేము దానికి పడమటగా పోతాము. చైనా సొంత ఎగుమతులు కూడా అదే దారిన పోతాయి. తగాదా చేపల గురించి, చమురు, గ్యాసుల గురించి, అక్కడ కాపలా ఎవరిదన్న దాని గురించి.

ఇక చైనా పద్ధతి, ఏటా గట్టు చెక్కుకుంటూ పక్క పొలంలోకి జరిగే రైతు పద్ధతే. పొరుగువాడికి అండ తగ్గిన సమయం చూసి చెక్కుతుంది. అమెరికా సైన్యం వియత్నాం వదిలిన మరుసటి ఏడాది, 1974 జనవరిలో, దక్షిణ వియత్నాం చేతిలోని పారాసెల్ దీవులను పట్టుకుంది. 1992లో అమెరికా ఫిలిప్పీన్స్‌లోని సూబిక్ నౌకాస్థావరాన్ని ఖాళీ చేయగా, 1995 నాటికి స్ప్రాట్లీలలోని మిస్చీఫ్ రీఫ్ అనే దిబ్బపై చైనా కట్టడాలు లేచాయి. జాలర్ల కోసం వేసిన పాకలని అప్పట్లో చెప్పారు, ఇప్పుడు అక్కడ రన్‌వే ఉంది. వీటిలో ఏ ఒక్కటీ అమెరికా యుద్ధానికి దిగేంత పెద్దది కాదు, కిటుకు అక్కడే ఉంది.

ఒకసారి సూబిక్ నుంచి హాంకాంగ్ వెళుతూ, అర్ధరాత్రి నుంచి నాలుగింటి వరకు ఉండే నా కాపలా వంతులో, ఓడలన్నీ వినే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో రెండు గొంతులు విన్నాను, ఒకటి చైనా గస్తీది, రెండోది ఫిలిప్పీన్స్‌ది. ఇది మా జలాలు, మీరు వెళ్ళిపోండని ఇద్దరూ ఒకరికొకరు చదివి వినిపిస్తున్నారు, అదీ ఎంతో మర్యాదగా. రాడార్‌లో ఇనుప గస్తీ నౌకలు దట్టమైన చుక్కలుగా దూరం నుంచే కనిపిస్తాయి. ఫిలిప్పీన్స్ జాలర్ల చెక్క పడవలు, వాళ్ళు బాంకా అంటారు, దగ్గరపడితే గాని కనిపించవు. ఫిలిప్పీన్స్‌కు పడమటనున్న స్కార్‌బరో షోల్ అనే దిబ్బ 2012 నుంచి చైనా గస్తీ గుప్పిట్లో ఉంది, లోపలి మడుగులోకి ఆ పడవలను రానివ్వడం, రానివ్వకపోవడం దాని ఇష్టం.

తీర్పు స్పష్టంగానే ఉంది. ఈ సముద్రంలో చాలా భాగం తనదంటూ చైనా పటంలో గీసుకున్న తొమ్మిది గీతల లోపలి వనరులపై దాని చారిత్రక హక్కులకు చట్టపరమైన ఆధారం లేదనీ, పోటు వేళ మునిగిపోయే మిస్చీఫ్ రీఫ్‌కు సొంత జలాలే ఉండవనీ, అది చేపలు, గ్యాసు వంటి వనరులపై తీరదేశానికే హక్కుండే ఫిలిప్పీన్స్ 200 మైళ్ళ మండలంలోనిదనీ ట్రైబ్యునల్ తేల్చింది. దీవులు ఎవరివన్నది మాత్రం అది తేల్చలేదు, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. అయితే డిక్రీని అమలు చేయించే అమీనా సముద్రంలో లేడు. అమెరికా సంగతి చూస్తే, ఈ తీర్పుకు ఆధారమైన 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందంలో అది నేటికీ చేరలేదు.

ఫిలిప్పీన్స్ కూడా చివరికి గట్టు మీద కూర్చునే దారినే ఎంచుకుంది. 1999లో స్ప్రాట్లీలలోని సెకండ్ థామస్ షోల్ అనే దిబ్బపై పాత యుద్ధనౌక సియెర్రా మాద్రేను కావాలనే మెట్ట ఎక్కించి, తుప్పు పట్టిన ఆ ఓడలోనే సైనికులను కాపలా పెట్టింది. 2022లో మన దగ్గర బ్రహ్మోస్ క్షిపణులు కొనడానికి ఒప్పందం చేసుకున్నది కూడా ఈ భయంతోనే. నన్నడిగితే, ఇకపై తీర్పుల వార్తల కంటే స్కార్‌బరో దగ్గర ఇసుక తోడి దిబ్బను దీవిగా మార్చే డ్రెడ్జర్ ఓడ కనిపించిందా అన్న వార్త కోసం చూడండి.