విలన్ మీద జాలి పడే అబ్బాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రాత్రిళ్లు ‘డీమన్ స్లేయర్’ అనే జపాన్ యానిమేషన్ సిరీస్ చూస్తాడు. అందులో రూయి అనే సాలీడు రాక్షసుడు చనిపోతే ఏడ్చాడు. "వాడి తప్పేముందమ్మా" అని వాదన! తనూ ఇలాంటి కథలే చేస్తాడట, ఇంజినీరింగ్ వద్దట. నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు ఆ ఏడుపు సంగతి చూద్దాం. రూయి పుట్టు రోగి, నడవడమే కష్టం. బలమిస్తానన్నవాణ్ణి నమ్మి రాక్షసుడయ్యాడు, మనిషిని చంపాడు. తండ్రి కత్తి పట్టుకొస్తే, తనను వదిలించుకుంటున్నారనుకుని అమ్మానాన్నలిద్దర్నీ చంపేశాడు. గట్టి ఒళ్లు ఇచ్చి కనలేకపోయాను, క్షమించమంటూ తల్లి కన్నుమూస్తుంది. కొడుకు పాపం తామూ మోసి, వాడితోపాటే పోదామనుకున్నారని రూయికి అప్పుడు తెలుస్తుంది. ఏడవకపోతేనే ఆలోచించాలి. మీరూ పక్కన కూర్చుని చూడండి (భోజనాల వేళ మాత్రం వద్దు, రక్తం ఎక్కువ).

కానీ "తప్పేముంది" అని ఆ కథ ఎక్కడా అనదు. రూయి తల నరికిన గియూ అనే రాక్షస సంహారకుడు, మనుషుల్ని తిన్నవాడి మీద జాలి వద్దంటాడు. హీరో తంజిరో కూడా రాక్షసుల్ని చంపడం మానడు, పశ్చాత్తాపపడ్డవాణ్ణి మాత్రం కాలితో తొక్కనంటాడు. మీవాణ్ణి ఒకటే అడగండి: రూయి గతాన్ని మొదట్లోనే చూపించేస్తే ఏమయ్యేది? సీన్ల వరుస పట్టుకుని జవాబు చెబితే అతనికి కథకుడి చూపు ఉన్నట్టే. "సూపర్ సీనమ్మా" దగ్గరే ఆగితే మంచి అభిమాని, అంతే.

ఇంకో సంగతి. రూయి కథ పుట్టింది కొయొహారు గొతోగే 2016 నుంచి గీసిన మాంగాలో (జపాన్ బొమ్మల కథ). 2019లో దాన్ని తెరమీద కదిలించింది యుఫోటేబుల్ స్టూడియో. కథ అల్లడం, బొమ్మల్ని కదిలించడం రెండూ వేరు వేరు పనులు. అబ్బాయికి కావాల్సింది ఏది?

బొమ్మల పని అయితే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ యానిమేషన్ అనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బీడిజైన్ ఉంది, దాని ప్రవేశ పరీక్ష డాట్ ప్రిలిమ్స్ ఇంటర్ పరీక్షలకన్నా ముందే జరుగుతాయి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) హడావుడిలో పడి దాని దరఖాస్తు గడువు దాటబెట్టుకోకండి. రాత పని అయితే తొందరేం లేదు. పుణె ఎఫ్‌టీఐఐలో (ఫిల్మ్, టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్) స్క్రీన్‌రైటింగ్‌కు ఏ డిగ్రీ అయినా చాలు, బీటెక్ కూడా. జపాన్ మాట ఇప్పుడే వద్దు, అక్కడ పని దొరకాలంటే ముందు జపనీస్ రావాలి.

ఈ సెలవుల్లో మూడు పేజీల కథ రాయమనండి. విలన్ చేసిన తప్పు తప్పుగానే ఉండాలి, అయినా మీకు జాలి కలగాలి. రాస్తే ఆ కాగితాలతో అబ్బాయినే నా దగ్గరికి పంపండి. మీరు రానక్కర్లేదు.