సెలూన్‌లో మెడ విరిచాక వచ్చిన నొప్పి పక్షవాతానికి దారితీస్తుందా?

సెలూన్‌లో మెడ విరిచినప్పటి నుంచి మీ వారికి నాలుగు రోజులుగా ఒక పక్కే మెడ నొప్పి, వయసు 38, బీపీ, షుగర్ లేవు, స్ట్రోక్ భయం అక్కర్లేదు కదా అని అడిగారు. చాలా మెడ నొప్పులు కొద్ది రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోయేవే. కానీ మీ వారిది మెడ విరిచాక, ఒక పక్కే మొదలైన నొప్పి. దయచేసి ఈరోజే న్యూరాలజిస్టుకి చూపించండి.

నాకప్పుడు 36 ఏళ్లు. కటింగ్ అయ్యాక మసాజ్ చేసి, గడ్డం పట్టుకుని మెడ గట్టిగా తిప్పారు. అప్పుడు హాయిగానే ఉంది. మర్నాటి నుంచి ఎడమ చెవి వెనక, అంతకుముందు ఎప్పుడూ ఎరగని రకం నొప్పి. మెడ పట్టేసిందని జెల్ రాసుకున్నాను. ఐదో రోజు లేవగానే కళ్లు తిరగడం, వాంతులు, ఆగని ఎక్కిళ్లు. దగ్గర్లోని ఆసుపత్రిలో తలకు సీటీ తీసి, అంతా బాగుంది, చెవి సమస్య అని పంపేశారు. మెడ సంగతి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రానికి గుటక పడలేదు. మా ఆవిడ వేడినీళ్లతో ఒళ్లు తుడుస్తుంటే కుడి కాలికి ఆ వేడి తెలియనే లేదు. నా ఎడమ కనురెప్ప వాలిపోయిందని కూడా తనే గమనించింది.

ఎమ్మారై, మెడ రక్తనాళాల యాంజియోగ్రామ్ తీస్తే తెలిసింది, వెర్టిబ్రల్ ఆర్టరీ డిసెక్షన్ అని. మెడ వెన్నుపూసల్లోంచి మెదడుకు వెళ్లే నాళం అది. లోపలి పొర చిరిగితే గోడలోకి రక్తం దూరి గడ్డకడుతుంది. ఆ గడ్డ దారి మూసేసినా, ముక్క ఊడి పైకి వెళ్లినా స్ట్రోకే. అందుకే నొప్పి ముందు వస్తుంది, పక్షవాతం గంటలకో రోజులకో వస్తుంది. మీకిప్పుడు ఉన్నది ఆ మధ్య సమయం కావచ్చు.

పది రోజులు ముక్కులో గొట్టంతోనే తిండి. ఆరు నెలలు రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాక చీలిక మానింది. కుడి కాలికి వేడి ఇప్పటికీ సరిగ్గా తెలియదు, ఎడమ చేత్తో చూసుకునే నీళ్లు పోసుకుంటాను.

డాక్టరు దగ్గర మొదటి మాటగా మెడ విరిచిన సంగతే చెప్పండి. మెడ నాళాలకు యాంజియోగ్రామ్ అవసరమా అని అడగండి. ఈలోపు మళ్లీ మసాజ్ మాత్రం వద్దు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, తూలినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేసి, అది ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, డాక్టరు ముందుగా అడిగేది ఆ టైమే.