టీటీ ఆరు నెలలకోసారి అక్కర్లేదు.. ముందు అమ్మగారి దగ్గు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 34. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని. ఇనుప రజను గీసుకోవడం, వేళ్లు తెగడం మామూలే. తెగినప్పుడల్లా మెడికల్ షాపులో టీటీ వేయించుకుంటాను. అది ఆరు నెలలే పనిచేస్తుందంటారు. నాలుగు నెలల కిందట వేయించుకున్నాను. మొన్న చెప్పులోంచి అరికాల్లో మేకు దిగింది. మళ్లీ వేయించుకోవాలా? నా భార్యకు ఏడో నెల. ప్రభుత్వాసుపత్రిలో రెండు ఇంజెక్షన్లు వేశారు. ప్రైవేటులో చూస్తున్న డాక్టరమ్మ టీడాప్ కూడా వేయించమంటున్నారు. అవసరమా? కాన్పు తర్వాత బిడ్డను చూసుకోవాల్సింది మా అమ్మే. ఆమెకు ఇరవై రోజులుగా దగ్గు, దగ్గి దగ్గి వాంతి చేసుకుంటోంది. సిరప్, మూడు రోజులు యాంటీబయాటిక్ వాడాం.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరడిగింది టీటీ గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం ఆఖర్న రాసిన దగ్గు.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా గళ్ల (కఫం) పరీక్ష చేయించి టీబీ ఉందో లేదో తేల్చుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇది ఉచితం. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఊపిరి సలపక, చివరికి వాంతవుతోందంటే కోరింత దగ్గునూ అనుమానించాలి. చూడకుండా అదేనని నేను చెప్పలేను. దగ్గు తెర చివర గాలి పీల్చేటప్పుడు వచ్చే ‘హూప్’ చప్పుడు పెద్దవాళ్లలో రాకపోవచ్చు, జ్వరమూ పెద్దగా ఉండదు. అందుకే ఎలర్జీ అనుకుని సిరప్ మీద సిరప్ తాగుతుంటారు. పెద్దవాళ్లు రెండు మూడు నెలలు దగ్గి బయటపడతారు. పొత్తిళ్లలో బిడ్డ సంగతి అలా కాదు. ఒక్కోసారి దగ్గే ఉండదు. ఉన్నట్టుండి ఊపిరి ఆగి, పెదాలు నీలంగా మారతాయి.

మెడికల్ షాపులో మూడు మాత్రల అజిత్రోమైసిన్ స్ట్రిప్ ఇచ్చి ఉంటారు. కోరింత దగ్గుకు వాడే కోర్సు సాధారణంగా అయిదు రోజులు. అరకొరగా వాడాక గొంతు, ముక్కు స్వాబ్ తీస్తే క్రిమి దొరక్క రిపోర్టు నెగటివ్ రావచ్చు. రోగం మాత్రం ఇంట్లోనే ఉంటుంది. పైగా గుండె మందులు వాడేవారికి ఈ మాత్ర అందరికీ పడదు. మరో మాట. ఇంట్లో నిండు గర్భిణి ఉంది కాబట్టి ఆమెకు ముందుజాగ్రత్త మందు కావాలేమో డాక్టరు తేల్చాలి. అది దగ్గు మొదలైన మూడు వారాల్లోపు ఇస్తేనే ఎక్కువ ఫలితం. మీరు ఇరవై రోజులంటున్నారు. రేపు, ఎల్లుండి అనకండి. వాడిన ఖాళీ స్ట్రిప్పులు పట్టుకుని ఇవాళే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. అంతవరకు అమ్మగారు మాస్కు పెట్టుకుని వేరే గదిలో పడుకోవాలి.

ఇక టీడాప్. ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు వేసేది టీడీ. ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా), ఈ రెండింటికే. కోరింత దగ్గు భాగం టీడాప్‌లోనే ఉంటుంది. ప్రభుత్వ పట్టికలో లేదు, కొనుక్కోవాలి. 27 నుంచి 36 వారాల మధ్య, ప్రతి గర్భంలోనూ ఒకసారి వేయించుకోవాలని సలహా ఇస్తాం. తల్లిలో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. బిడ్డకు కోరింత దగ్గుకూ కలిపి వేసే పెంటావాలెంట్ టీకా మొదటి డోసు పడేది ఆరో వారంలో. ఆలోగా బిడ్డకు ఆసరా తల్లి ఇచ్చిన రక్షణే. మీ డాక్టరమ్మ చెప్పింది సరైనదే. రెండు టీడీలు పడ్డా ఇది వేయవచ్చు. స్కాన్ రిపోర్టులో వారాలు చూసి ఎప్పుడన్నది ఆవిడే చెబుతారు.

టీటీ విషయం. ‘ఆరు నెలలు’ అన్న లెక్క ఎక్కడిదో గానీ ఎంత చెప్పినా పోవడం లేదు. మూడు డోసుల ప్రాథమిక కోర్సు పూర్తయినవారికి బూస్టర్ పదేళ్లకోసారి చాలు. మట్టి, పేడ అంటిన గాయమైనా, లోతుగా దిగినదైనా ఆఖరి డోసుకు అయిదేళ్లు దాటితేనే మళ్లీ వేస్తాం. చిన్నప్పటి టీకాలు పూర్తయి ఉంటే ఈ మేకుకు మీకు ఇప్పుడు టీటీ అక్కర్లేదు. మాటిమాటికీ పొడిపించుకుంటే భుజం నుంచి మోచేతి దాకా ఎర్రగా వాచే రియాక్షన్ రావచ్చు. చిన్నప్పటి లెక్క తెలియకపోతే డాక్టరుతో చెప్పండి. అలాంటప్పుడు ఇలాంటి గాయానికి టీకాతో పాటు వేరే చోట ఇమ్యునోగ్లోబులిన్ (అప్పటికప్పుడు రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా ఇవ్వాల్సి రావచ్చు. టీకా కోర్సు మొత్తం మూడు డోసులు: ఇప్పుడొకటి, నాలుగు వారాల తర్వాత ఒకటి, ఆ తర్వాత ఆరు నుంచి పన్నెండు నెలలకు ఒకటి.

మీరు ఇన్ని టీటీలు వేయించుకున్నా అందులో ఒక్కదానికీ కోరింత దగ్గుతో సంబంధం లేదు. బిడ్డ పుట్టే ఇంట్లో మీకూ, అమ్మగారికీ ఒక టీడాప్ గురించి అడగండి. బిడ్డ పుట్టడానికి కనీసం రెండు వారాల ముందే పడాలి. వేసింది టీటీయా, టీడీయా, టీడాపా అన్నది తేదీతో కార్డు మీద రాయించుకోండి. ఈ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరావు. షాపులో ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టిన వయల్ అయితే వద్దనండి.

కాలు ఇప్పుడెలా ఉందో మీరు రాయలేదు. తుప్పు వల్ల ధనుర్వాతం రాదు, మట్టిలో ఉండే క్రిమి బీజాలు గాలి తగలని లోతైన గాయంలోకి దిగితే వస్తుంది. కుళాయి ధార కింద సబ్బుతో బాగా కడగాలి. గ్రీజు వదలడానికి షెడ్డులో కిరోసిన్ వాడతారే, అది గాయం మీద వద్దు. పసుపు, సున్నం కూడా వద్దు. రబ్బరు చెప్పులోంచి దిగిన మేకు ఒక్కోసారి సోలు ముక్కను లోపల వదిలేస్తుంది. అది ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పైన మానినట్టుండి మూడు నాలుగు రోజులకు అడుగు వేస్తే పోటు పెరిగినా, వాచినా సర్జన్‌కు చూపించండి. షుగరు ఉంటే అంతదాకా కూడా ఆగొద్దు.